హైదరాబాద్ సైనిక గవర్నర్ నుంచి ఒట్టావా హైకమిషనర్ దాకా

పదవీ విరమణ చేసిన సైన్యాధిపతికి విదేశంలో రాయబార పదవి అప్పగించడం స్వతంత్ర భారతదేశంలో తొలినాళ్ల నుంచే మొదలైన ఆనవాయితీ. ఆ వరుసలో తెలుగువారికి అందరికంటే ఎక్కువగా పరిచయమున్న వ్యక్తి జనరల్ జయంతో నాథ్ చౌదరి. 1948 సెప్టెంబర్ 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది ఆయన ముందే. అనంతరం పదిహేను నెలలకు పైగా హైదరాబాద్ రాష్ట్రాన్ని సైనిక గవర్నర్ హోదాలో పాలించినదీ ఆయనే. 1966లో సైన్యం నుంచి విరమించిన వెంటనే కెనడాలో భారత హైకమిషనర్‌గా నియమితులై మూడేళ్లపాటు ఒట్టావాలో పనిచేశారు. ఈ రెంటి మధ్య ఒక పరాజయం తర్వాత సైన్యం పగ్గాలు చేపట్టడం, మరో యుద్ధాన్ని నడిపించడం జరిగాయి.

చౌదరి 1908 జూన్ 10న కలకత్తాలో జన్మించారు. ఆయన పుట్టిన కుటుంబం సైనికులది కాదు. తండ్రి అమియనాథ్ చౌదరి బారిస్టరు. తల్లి భారత జాతీయ కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు ఉమేశ్‌చంద్ర బెనర్జీ కుమార్తె. తండ్రి సోదరుల్లో ఒకరైన ప్రమథ చౌదరి వంగ సాహిత్యంలో ప్రసిద్ధ రచయిత. ఇటువంటి ఇంటి బిడ్డ న్యాయవాదో, ఆచార్యుడో కావలసినది పోయి శాండ్‌హర్‌స్ట్ సైనిక కళాశాలలో చేరి 1928లో కమిషన్ పొందడం ఆనాటి బెంగాల్‌లో అరుదైన విషయమే. మీసకట్టు కారణంగా సహచరులు పెట్టిన ‘ముచ్చు’ అన్న ముద్దుపేరు ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది.

అశ్వికదళంలో ప్రారంభమైన ఆయన ఉద్యోగం గుర్రాల స్థానంలో టాంకులు ప్రవేశించిన కాలంతో పాటే సాగింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అయిదవ భారత డివిజన్‌తో కలిసి సూడాన్, ఎరిత్రియా, అబిసీనియా, పశ్చిమ ఎడారి రంగాల్లో పనిచేశారు. అనంతరం 16వ లైట్ కావల్రీ దళానికి నాయకత్వం వహించి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి సైన్యంలోని సీనియర్ భారతీయ అధికారుల్లో ఆయన ఒకరు. దేశ విభజనతో బ్రిటిష్ అధికారులు వరుసగా వెళ్లిపోతుండగా పదోన్నతులు వేగంగా వచ్చాయి. 1947 నవంబరులో సైనిక కార్యకలాపాల డైరెక్టర్ అయిన చౌదరి, 1948 మే నెలకల్లా ఒకటవ సాయుధ డివిజన్ అధిపతి అయ్యారు. అది దేశంలోని ఏకైక టాంకుల డివిజన్.

అయిదు రోజుల దండయాత్ర

ఆ డివిజన్‌కు అప్పగించిన పని హైదరాబాద్. రజాకార్ల దౌర్జన్యాలతో గ్రామాలు అట్టుడుకుతున్నాయి. బైరాన్‌పల్లి వంటి చోట్ల సామూహిక హత్యలు జరిగాయి. నిజాం ప్రభుత్వంతో సంప్రదింపులు విఫలమయ్యాయి. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున చౌదరి సేనలు పశ్చిమాన షోలాపూర్ నుంచి నల్దుర్గ్ మీదుగా ముందుకు కదలగా, తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర ఆధ్వర్యంలో మరో దళం సూర్యాపేట దారి పట్టింది. దక్షిణ సైనిక మండలాధిపతి రాజేంద్రసింహ్‌జీ మొత్తం పర్యవేక్షించారు. సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. దీనికి పోలీసు చర్య అని పేరు పెట్టినా రంగంలోకి దిగింది పోలీసులు కాదు, టాంకులు. అది దేశంలోని అంతర్గత వ్యవహారమని అంతర్జాతీయంగా చెప్పుకోవడానికి ఆ పేరు అవసరమయింది.

సైనిక గవర్నర్‌గా చౌదరి బాధ్యతలు చేపట్టినప్పుడు పాలన పేరుకు నిజాందే, అధికారం మాత్రం సైన్యానిది. ఐ.సి.ఎస్. అధికారి డి.ఎస్. బాఖ్లే పౌర పరిపాలనకు ముఖ్యాధికారిగా వ్యవహరించారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని అరెస్టు చేశారు. ప్రధాని మీర్ లాయక్ అలీ గృహ నిర్బంధంలో ఉన్నారు. ఆయన చౌదరి పదవీకాలం ముగిసిన తర్వాత 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరుకున్నారు.

ఆర్థికపరంగా చూస్తే సైనిక పాలన కాలంలో తీసుకున్న రెండు నిర్ణయాలు టాంకుల కంటే ఎక్కువ దూరం వెళ్లాయనవచ్చు. హైదరాబాద్ రాష్ట్ర భూమిలో సుమారు మూడోవంతు జాగీర్‌దార్ల ఆధీనంలో ఉండేది. అక్కడ పన్ను వసూలు, పోలీసు, న్యాయం అన్నీ జాగీర్‌దార్‌వే. ఇవిగాక సర్ఫెఖాస్ పేరిట నిజాం సొంత భూములు వేరుగా ఉండేవి. 1949లో సర్ఫెఖాస్ భూములు దివానీ పాలనలో విలీనమయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది. తరతరాల వ్యవస్థను శాసనసభ లేకుండా, చర్చ లేకుండా, ఒక్క ఉత్తర్వుతో తొలగించడం సైనిక పాలనలోనే సాధ్యమయింది. జాగీర్‌దార్లకు పరిహారం చెల్లించారు. అయితే జాగీర్లతో పాటు దొరల పెత్తనం కూడా పోయిందనుకుంటే పొరపాటు. దివానీ ప్రాంతంలోని దేశ్‌ముఖుల వేలాది ఎకరాలు ఈ ఉత్తర్వు పరిధిలోకి రాలేదు. కౌలుదారుకు రక్షణ కల్పించే చట్టం 1950లో గాని రాలేదు.

తెలంగాణలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం అప్పటికే పల్లెలను కదిలించి ఉంది. నిజాం మీద ఎత్తిన తుపాకిని నిజాం ఓడిన తర్వాత దించాలా వద్దా అన్నది ఆ పార్టీలోనే వివాదమయింది. సైనిక ప్రభుత్వం మాత్రం వారిని శత్రువులుగానే పరిగణించి నల్గొండ, వరంగల్ జిల్లాల్లో సైన్యాన్ని, సాయుధ పోలీసులను మోహరించింది. 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించేనాటికి తమ కార్యకర్తలు, యోధులు నాలుగు వేల మంది మరణించారని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. రజాకార్లను అణచిన జనరల్‌ను విమోచకుడిగా చూసిన ఊళ్లలోనే, ఏడాది తిరగకుండా ఆయన సైన్యాన్ని చూసి జనం అడవులకు పారిపోయారు.

దీనికంటే బాధాకరమైన విషయం సుదీర్ఘకాలం బయటకు రాలేదు. పోలీసు చర్య తర్వాతి వారాల్లో ముస్లింలపై జరిగిన హత్యాకాండను విచారించేందుకు కేంద్రం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో బృందాన్ని పంపింది. మొత్తం రాష్ట్రంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయి. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలలో పాల్గొన్నారని నివేదిక పేర్కొంది. చాలాచోట్ల సైనికాధికారులు బాధితులను కాపాడారని కూడా అందులో ఉంది. హోంమంత్రి సర్దార్ పటేల్ ఆ బృందం నిర్ధారణలను అంగీకరించలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో ఆ నివేదిక సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చింది 2013 ప్రాంతంలో మాత్రమే. చౌదరి పాలనను బేరీజు వేసేవారు జాగీర్ల రద్దుతో పాటు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

పరిపాలనకు మద్రాసు, బొంబాయి తదితర రాష్ట్రాల నుంచి రప్పించిన ఉద్యోగుల సమస్య కూడా అప్పటిదే. స్థానికులకు దక్కవలసిన కొలువులు పరాయివారికి పోతున్నాయన్న ఆగ్రహం 1952 నాటి ముల్కీ ఆందోళనకు దారి తీసింది. ఆ తగాదా తర్వాత ఎన్ని రూపాలు దాల్చిందో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1949 చివరలో చౌదరి తిరిగి సైన్యంలోకి వెళ్లారు. నిజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యారు. పౌర అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి పదవి నిర్వహించారు.

గోవా, తర్వాత ఢిల్లీ

1959లో చౌదరి దక్షిణ సైనిక మండలాధిపతి అయ్యారు. 1961 డిసెంబర్ 18, 19 తేదీల్లో పోర్చుగీసుల నుంచి గోవాను స్వాధీనం చేసుకున్న చర్యకు ఆయనే పర్యవేక్షకుడు. మేజర్ జనరల్ కాండెత్ క్షేత్రంలో సేనలను నడిపారు. ఈ విధంగా దేశ పటంలో మిగిలిన రెండు ఖాళీలను సైన్యంతో పూరించడంలో చౌదరి పాత్ర ఉంది. ఫ్రెంచి వారి విషయంలో ఆ అవసరం రాలేదు. పుదుచ్చేరి పట్టణంలోని ముత్తియాల్‌పేట మొదలు గోదావరి తీరాన యానాం వరకు వారి ప్రాంతాలన్నీ సంప్రదింపుల ద్వారానే 1954 నవంబర్ 1న భారత పాలనలోకి వచ్చాయి. అంతకు పక్షం రోజుల ముందు కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది విలీనానికి ఓటు వేశారు.

1962 నవంబర్‌లో చైనా దాడి ముందు ఈశాన్య సరిహద్దు రక్షణ కుప్పకూలింది. జనరల్ పి.ఎన్. థాపర్ పదవి నుంచి తప్పుకున్నారు. ఆ స్థానంలోకి చౌదరి వచ్చిన ఒకటి రెండు రోజులకే చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. ఓడిపోయిన సైన్యాన్ని తిరిగి నిలబెట్టడం ఆయన ముందున్న పని. రక్షణ మంత్రి వై.బి. చవాన్‌తో కలిసి పర్వత యుద్ధానికి ప్రత్యేక డివిజన్లను నెలకొల్పారు. సైనికుల సంఖ్యను 8,25,000కు పెంచాలని నిర్ణయించారు. ఖజానాకు ఇది పెద్ద భారమే అయింది.

1964 మే నెలలో నెహ్రూ మరణించినప్పుడు అంత్యక్రియలకు వచ్చే జనసందోహాన్ని అదుపు చేయడానికి చౌదరి అదనపు సేనలను ఢిల్లీకి రప్పించారు. గాంధీజీ అంతిమయాత్రనాటి తొక్కిసలాట ఆయన మనసులో ఉంది. కానీ ఢిల్లీలో కొందరికి ఇందులో వేరే ఉద్దేశం కనిపించింది. సైన్యాధిపతి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పొరుగున పాకిస్తాన్‌లో సైనిక పాలన నడుస్తున్న రోజులు కావడంతో ఈ అనుమానం పూర్తిగా నిరాధారమని కూడా అనలేము.

1965 సెప్టెంబర్ యుద్ధంలో ఆయన కీర్తి, ఆయనపై విమర్శ రెండూ ఉన్నాయి. ఛాంబ్‌పై పాకిస్తాన్ దాడికి జవాబుగా సెప్టెంబర్ 6న భారత సేనలు అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు సాగాయి. అసల్ ఉత్తర్ వద్ద ప్యాటన్ టాంకుల దాడి భగ్నమయింది. సియాల్‌కోట్ రంగంలో చౌదరి ఒకప్పుడు నడిపిన ఒకటవ సాయుధ డివిజనే పోరాడింది. అందులో పూనా హార్స్ దళానికి నాయకత్వం వహించి సెప్టెంబర్ 16న మరణించిన లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్ అంతకు ముందు నిజాం సైన్యంలో అధికారి కావడం గమనార్హం. 1948లో చౌదరికి లొంగిపోయిన సైన్యం నుంచి వచ్చిన ఆ అధికారికి 1965లో పరమవీర చక్ర లభించింది.

అయితే ఖేమ్‌కరణ్ వద్ద పరిస్థితి విషమించినప్పుడు సేనలను బియాస్ నది వెనక్కు తీసుకురావాలని చౌదరి సూచించగా తాను నిరాకరించానని పశ్చిమ మండలాధిపతి హర్‌బక్ష్ సింగ్ తర్వాత రాసుకున్నారు. యుద్ధాన్ని మరికొన్ని రోజులు సాగించగలమా అని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అడిగినప్పుడు మందుగుండు చాలావరకు అయిపోయిందని సైన్యాధిపతి చెప్పారన్నది మరో ఆరోపణ. ముందువరుస నిల్వల్లో వినియోగం 14 శాతం మించలేదని తర్వాత లెక్క తేల్చిన రచయితలున్నారు. ఆ సమాధానం వేరుగా ఉంటే కాల్పుల విరమణ తేదీ, తాష్కెంట్ ఒప్పందం కూడా వేరుగా ఉండేవన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. మితిమీరిన జాగ్రత్త ఆయన లోపమని విమర్శకులు, 1962ను చూసిన వ్యక్తికి ఆ జాగ్రత్త సహజమని సమర్థకులు అంటారు.

ఒట్టావాలో మూడేళ్లు

1966 జూన్‌లో జనరల్ పి.పి. కుమారమంగళంకు బాధ్యతలు అప్పగించి చౌదరి విరమించారు. మరుసటి నెలలోనే కెనడా హైకమిషనర్ అయ్యారు. ప్రజాదరణ గల సేనానులను గౌరవంగా దూరంగా ఉంచేందుకు ప్రభుత్వం ఈ పదవులను వాడుకుంటున్నదన్న వ్యాఖ్య అప్పటికే ఉంది. తొలి భారతీయ ప్రధాన సేనాని కరియప్పను 1953లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు పంపారు. థాపర్‌ను 1964లో ఆఫ్ఘనిస్తాన్ పంపారు. జనరల్ శ్రీనగేశ్‌కు మాత్రం రాయబారం గాక గవర్నర్ పదవులు దక్కాయి. ఆయన 1962 నుంచి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నర్. ఉద్దేశమేదైనా, ఒట్టావా పదవిని అలంకారప్రాయమనడం సరికాదు.

1966, 67 సంవత్సరాల్లో బీహార్ కరవు దేశాన్ని కుదిపివేస్తున్నప్పుడు కెనడా గోధుమలు భారత్‌కు అత్యవసరం. ట్రాంబేలో 1960లో పని ప్రారంభించిన సైరస్ రియాక్టర్ కెనడా సహాయంతో నిర్మించినదే. రాజస్థాన్‌లో కోటా సమీపాన అణు విద్యుత్ కేంద్రం నిర్మాణానికి ఆ దేశం సహకరిస్తున్నది. ఇదే కాలంలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం తయారయింది. 1968లో అది సంతకాలకు వచ్చినప్పుడు కెనడా చేరింది, భారత్ చేరలేదు. వియత్నాంలో శాంతి పర్యవేక్షక సంఘంలో భారత్, కెనడా, పోలండ్‌లు సభ్యులు కాగా అక్కడ కూడా రెండు దేశాల అభిప్రాయాలు తరచు కలిసేవి కావు. లెస్టర్ పియర్సన్ ప్రభుత్వం పోయి 1968లో పియర్ ట్రూడో ప్రధాని అయ్యారు. 1967లో కెనడా తన వలస నిబంధనలను మార్చి, జాతిని బట్టి గాక చదువు, నైపుణ్యాలను బట్టి మార్కులు వేసే పద్ధతి ప్రవేశపెట్టింది. భారతీయ వైద్యులు, ఇంజనీర్లు, వారిలో తెలుగువారు సైతం పెద్ద సంఖ్యలో ఆ దేశానికి వెళ్లడానికి దారి తెరిచింది ఆ మార్పే. చౌదరి 1969లో పదవి వదిలిన అయిదేళ్లకు, 1974 మేలో, సైరస్‌లో తయారైన ప్లుటోనియంతో పోఖ్రాన్ పరీక్ష జరగడంతో కెనడా అణు సహకారాన్ని నిలిపివేసింది.

కలం పట్టిన సైనికుడిగా కూడా చౌదరికి పేరుంది. రక్షణ విషయాలపై పత్రికలకు వ్యాసాలు రాశారు. ఆయన ఆత్మకథ 1978లో వెలువడింది. సైన్యంలోకి వచ్చిన తొలి భారతీయ అధికారుల తరం మనస్తత్వం అందులో తెలుస్తుంది. ప్రభుత్వం ఆయనను పద్మవిభూషణ్‌తో గౌరవించింది.

జనరల్ చౌదరి 1983 ఏప్రిల్ 6న మరణించారు. ఆయన తర్వాత మరో మాజీ సైన్యాధిపతి జనరల్ టి.ఎన్. రైనా కూడా హైకమిషనర్‌గా ఒట్టావాకే వెళ్లారు. 1980 మేలో పదవిలో ఉండగానే అక్కడే కన్నుమూశారు.