మైకేల్ ఫారడే చరిత్రము

జనగామ ప్రాంతపు చేలలో బావినీరు తోడు మోటారు, ఊరి పొలిమేరలో జుమ్మని మ్రోగు ట్రాన్స్‌ఫార్మరు, మహబూబాబాదు మీదుగా పరుగిడు విద్యుత్ రైలు, భూపాలపల్లి చేరువ చెల్పూరులో బొగ్గుతో నడచు కాకతీయ తాప విద్యుత్కేంద్రము – వీని మూలసూత్రములను వెలికి దీసినవాడు పుస్తకములకు అట్టలు కట్టి పొట్టపోసికొన్న బీదవాడు. బడిచదువు స్వల్పము, గణితము మఱింత స్వల్పము. అట్టివానికి ఈ విద్య యెట్లు పట్టుబడెనో తెలిసికొనదగియున్నది.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను చెంతనున్న న్యూయింగ్టను బట్సులో జన్మించెను. తండ్రి కమ్మరి, రోగిష్ఠి. 1801లో ధాన్యపు ధరలు పెరిగినపుడు ఆ బాలుడు వారమునకు ఒక్క రొట్టెతో సరిపుచ్చుకొనవలసి వచ్చెను. పదుమూడవ యేట రీబో అను పుస్తక విక్రేత యంగడిలో వార్తాపత్రికలు మోయు పనికి కుదిరి, మఱుసటి యేట బైండింగు పని నేర్చుటకు ఏడేండ్ల యొడంబడిక చేసికొనెను. కుట్టుటకు వచ్చిన పుస్తకమును చదువకుండ విడుచుట అతనికి చేతకాదు. అట్లు వచ్చిన బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని మనస్సును పట్టివేసెను. చదివి ఊరకుండక, చిల్లర కాసులతో సీసాలు కొని, రాపిడిచే విద్యుత్తును పుట్టించు చిన్న యంత్రమును స్వయముగా చేసికొని, చదివిన దానిని పరీక్షించెను. రీబో దీనిని మాన్పింపక ప్రోత్సహించెను. అట్టి యజమానులు అరుదు.

1812లో అంగడికి వచ్చు ఒక పెద్దమనిషి యిచ్చిన టిక్కెట్లతో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగు వినెను. వానిని విపులముగా వ్రాసి, బొమ్మలు గీసి, తానే బైండు చేసి డేవీకి పంపెను. 1813 మార్చి 1న రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుని కొలువు దొరకెను. డేవీ వెంట ఐరోపా యాత్రకు పోయినపుడు పరిచారకుని పనియు చేయవలసి వచ్చెను.

విద్యుత్తు వేఱు, సూదంటురాయి గుణము వేఱు అని పలువురు తలచుచుండిన కాలమది. 1820లో డెన్మార్కు పండితుడు అయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటను ప్రకటించెను. మఱుసటి సెప్టెంబరులో ఫారడే పాదరసపు గిన్నెలో అయస్కాంతమును నిలిపి, పైనుండి వ్రేలాడు తీగలోనికి విద్యుత్తును పంపగా, తీగ అయస్కాంతము చుట్టును తిరుగజొచ్చెను. మోటారునకు బీజమిదియే. కీర్తితోబాటు నిందయు వచ్చెను. వొల్లాస్టను అను పండితుని భావమును దొంగిలించెనని కొందఱనిరి. 1823లో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు అతని పేరు రాగా, అధ్యక్షుడైన డేవీయే అడ్డుపడెను. ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు కోరిన కథ ఏ దేశమునకును క్రొత్త కాదు. ఫారడే పేరు ఉపసంహరించుకొనలేదు; ఎన్నికయ్యెను. గురువునెడ గౌరవమును మాత్రము విడువలేదు.

విద్యుత్తువలన అయస్కాంతగుణము పుట్టుచున్నదిగదా, అయస్కాంతమువలన విద్యుత్తు పుట్టదా? ఈ ప్రశ్న పదేండ్లు అతనిని వదలలేదు. 1831 ఆగస్టు 29న 6 అంగుళముల ఇనుప కడియము తీసికొని, ఒక ప్రక్క ఒక రాగితీగను, రెండవ ప్రక్క వేఱొక తీగను చుట్టెను. చుట్టునకు చుట్టు తగులకుండ నడుమ గుడ్డయు దారమును ఉంచెను. బైండరు చేతికి అలవాటైన పనియే. మొదటి తీగకు బ్యాటరీ తగిలించినంతనే రెండవ తీగకడనున్న ముల్లు ఒక్కమాఱు కదలి నిలిచిపోయెను. విద్యుత్తు నిలకడగా పాఱునంతసేపు చలనము లేదు. బ్యాటరీ తీసినంతనే ముల్లు ఎదురుదిశకు కదలెను. నిలిచిన ముల్లును చూచి ఫలితము లేదనుకొన్నవారు అంతకుముందు ఉండిరి. ఫారడే ఆ క్షణమాత్రపు కదలికను పట్టుకొనెను. అయస్కాంతము ఉండుట చాలదు, దాని ప్రభావము మాఱుచుండవలెను. అక్టోబరు 17న తీగచుట్టలోనికి అయస్కాంతమును దూర్చి తీసి ఇదే ఫలమును చూచెను. 28న అయస్కాంతపు కొనలనడుమ రాగిబిళ్లను త్రిప్పి ఎడతెగని విద్యుత్తును పొందెను.

ఊరి ట్రాన్స్‌ఫార్మరు ఆ ఇనుప కడియమే. అందులోనికి వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులుగా దిశ మార్చుచుండుటచే అది పనిచేయును. బ్యాటరీనుండి వచ్చు నిలకడ విద్యుత్తుతో పనిచేయదు. చెల్పూరులో 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యంత్రములు నెలకొన్నవి. అందు బొగ్గుమంటచే పుట్టిన ఆవిరి, తీగచుట్టల నడుమ విద్యుదయస్కాంతమును నిమిషమునకు 3,000 మార్లు త్రిప్పును. బొగ్గు విద్యుత్తుగా మాఱుటలో మాయ యంతయు ఆ త్రిప్పుటయందే యున్నది.

గణితము రాని ఫారడే, కాగితముపై చల్లిన ఇనుపరజను ఏర్పఱచు గీతలను చూచి, అయస్కాంతము చుట్టును బలరేఖలు గలవనెను. పండితులు చాలమంది వానిని లక్ష్యపెట్టలేదు. పిమ్మట మాక్స్‌వెల్ వానికే గణితరూపము నొసగెను. ఫారడే తన పరిశోధనల చిట్టాలో పేరాలకు వరుసగా సంఖ్యలు వేయుచు 16,041 వఱకు పోయెను. లెక్క రానివాడని అతనిని అనువారు ఈ చిట్టాను చూడవలెను! రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. క్రిస్మసు దినములలో పిల్లలకు ఉపన్యాసములిచ్చుట మాత్రము 1860 వఱకు మానలేదు.

1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. డేవీకి పంపిన ఆ చేతివ్రాత పుస్తకము నేటికిని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో భద్రముగా నున్నది.