సమ్నర్ ఖాళీ కుర్చీ

చార్లెస్ సమ్నర్ అమెరికాలోని బోస్టన్ నగరపు న్యాయవాది. సారా రాబర్ట్స్ అనే నల్లజాతి బాలికను తెల్లవారి బడిలో చేర్చుకోవాలని 1849లో వాదించాడు. కేసు ఓడిపోయింది. 1851లో సెనేటరయ్యాడు. బైబిలు చూపించి బానిసత్వాన్ని సమర్థించిన బోధకులున్న రోజులవి. చెప్పుకోవడానికి మనకు సిగ్గే. సమ్నర్ దాన్ని నిండు సభలో ఖండించాడు. ఆయన మాట పరుషమే. 1856 మే 22న సభలో బల్ల దగ్గర రాసుకుంటుండగా ప్రెస్టన్ బ్రూక్స్ అనే దక్షిణాది ప్రతినిధి చేతికర్ర విరిగేదాకా ఆయన్ను కొట్టాడు. కోలుకోవడానికి మూడేళ్లు దాటింది. మసాచుసెట్స్ రాష్ట్రం మాత్రం మరొకరిని పంపలేదు. ఆయన్నే మళ్లీ ఎన్నుకుని, కుర్చీని ఖాళీగా ఉంచింది. 1859లో తిరిగొచ్చి మళ్లీ అదే మాట చెప్పాడు. 1865లో బానిసత్వం రద్దయింది. 1874లో మరణశయ్య మీద కూడా, నల్లవారి సమాన హక్కుల బిల్లును చావనివ్వొద్దని మిత్రులను వేడుకున్నాడు. 1875లో అది చట్టమైంది. 1883లో సుప్రీంకోర్టు అందులోని కీలక సెక్షన్లు కొట్టేసింది. సారా చదవలేకపోయిన బడుల తలుపులు మాత్రం, చట్టం మారి, 1855లోనే తెరుచుకున్నాయి.