సూపర్‌మాన్‌ను గీసిన చేయి

చిత్తూరు సీమలో వేసవి వచ్చినదనగా భారతోత్సవములు వచ్చినవనియే అర్థము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారికి ఈ వేడుక సుపరిచితము. పగలు హరికథ, రాత్రి వీథినాటకము జరుగును. అర్జునుడు తపస్సు మ్రాను నెక్కును. నేలపై మట్టితో మలచిన పెద్ద దుర్యోధనుని యెదుట భీముని వేషధారి గద త్రిప్పును. మరునాడు వీథులలోని బాలురందరు భీములే! చేతికందిన కఱ్ఱయే గద. అన్యాయమునకు గురియైన వారి పక్షమున ఒక మహాబలుడు వచ్చి నిలువవలెనను కోరిక బాల్యమునకు సహజమైనది. అది ఏ దేశమునందైనను ఒక్కటియే.

అమెరికా బాలురకు అట్టి వీరుని వ్యాసభగవానుడు ఈయలేదు. క్లీవ్‌లాండు నగరమున ఇద్దరు పేద యువకులు కాగితముపై సృష్టించి యిచ్చిరి. అతడే సూపర్‌మాన్. నీలి దుస్తులు, ఎఱ్ఱని ఉత్తరీయము ధరించి ఆకాశమున ఎగురు ఆ వీరుని నేడు ఎరుగని బాలుడు లేడు. 1980లో నందమూరి తారక రామారావు గారు ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రమున నటించిరి. కాని ఆ రూపమును మొదట గీసిన చేయి ఎవరిదని అడిగినచో పెద్దలు సైతము ఆలోచనలో పడుదురు. ఆ చేయి జో షూస్టర్ అను చిత్రకారునిది.

జోసెఫ్ షూస్టర్ 1914వ సంవత్సరము జూలై 10వ తేదీన కెనడా దేశమందలి టొరాంటో నగరమున జన్మించెను. తలిదండ్రులు ఐరోపా నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి రాటర్‌డాము వాడు. తల్లి కీవు నగరమునకు చెందినది. తండ్రి దర్జీ పనితో సంసారము నడుపుచుండెను. వార్తాపత్రికలలోని బొమ్మల కథలను తండ్రి చదివి వినిపించుచుండగా, అక్షరములు రాని ప్రాయముననే ఆ బాలునికి బొమ్మలపై మక్కువ కలిగెను. కొంత పెరిగిన పిమ్మట టొరాంటో స్టార్ పత్రికను వీథులలో అమ్మెను. తరువాతి కాలమున తన కథానాయకుడు పనిచేయు పత్రికా కార్యాలయమునకు మొదట డెయిలీ స్టార్ అను పేరు పెట్టుటకు ఆ జ్ఞాపకమే కారణము.

బొమ్మలు గీయుటకు కాగితము కావలెను. కాగితము కొనుటకు ఇంట డబ్బు లేదు. అంగళ్లవారు పారవేసిన కాగితములను, గోడలకు అంటించు రంగుకాగితపు చుట్టలను ఏరి తెచ్చుకొని, వాని వెనుకవైపున గీసెడివాడు. షూస్టర్ పదేండ్ల ప్రాయమున ఉండగా కుటుంబము అమెరికాలోని క్లీవ్‌లాండునకు తరలిపోయెను. అచట చలికాలమున ఇంట వెచ్చదనము చాలక, ఒకదానిపై ఒకటిగా ఉన్నికోట్లు తొడుగుకొని, చేతులకు తొడుగులతోనే కుంచె పట్టెను. తల్లి రొట్టెపిండి వత్తుకొను పలకయే అతని బొమ్మలబల్ల.

గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో అతనికి జెర్రీ సీగల్ అను సహపాఠి లభించెను. ఇద్దరును ఒకే ఏడు పుట్టిరి. ఇద్దరును బిడియస్థులు, కళ్లజోళ్లు పెట్టుకొనువారు, ఆటలలో వెనుకబడినవారు. సీగల్ కథలు వ్రాయును. షూస్టర్ బొమ్మలు వేయును. పాఠశాల పత్రిక అయిన టార్చ్ వారికి తొలి వేదిక. 1932లో సీగల్ తండ్రి దుకాణమున దొంగలు పడిరి. ఆ ఘటనలోనే ఆయన గుండె ఆగి మరణించెను. తుపాకీ గుండ్లకు చలింపని వీరుని సీగల్ కల్పించుటకు ఈ శోకమే మూలమని కొందరు తలంతురు. ఆ సంగతి ఎట్లున్నను, 1933లో వారు స్వయముగా అచ్చువేసిన చిన్న పత్రికలో సూపర్‌మాన్ అను పేరు మొదటిసారి కనిపించెను. విచిత్రమేమనగా, ఆ కథలో ఆ పేరు గలవాడు దుష్టుడు! ఆ వెనుక వారు ఆలోచన మార్చుకొని అతనిని దీనరక్షకునిగా తీర్చిరి.

ఆ వీరునికి రెండు రూపములు గలవు. ఒకటి లోకమునకు తెలిసిన మహాబలుని రూపము. రెండవది కళ్లజోడు పెట్టుకొని, బెదరుచు మాటలాడు పత్రికా విలేఖరి క్లార్క్ కెంట్ రూపము. వ్యాయామముపై మోజుతో బరువులెత్తు అలవాటు చేసికొన్న షూస్టర్ మొదటి రూపమున తన కోరికను, రెండవ రూపమున తన్ను తాను చిత్రించుకొనెను. విరాటుని కొలువున బృహన్నల వేషమున దాగిన అర్జునుని కథ తెలిసిన మనకు ఈ రహస్యము క్రొత్తది కాదు.

కాని దానిని ప్రచురించువారే కరవైరి. వార్తాపత్రికలకు బొమ్మల కథలు సరఫరా చేయు సంస్థలు ఒకదాని వెంట ఒకటిగా త్రిప్పి పంపినవి. ఒకసారి నిరాశతో షూస్టర్ తాను గీసిన పుటలను కాల్చివేయగా ముఖచిత్రము మాత్రము మిగిలెను. ఐదు సంవత్సరములు ఇట్లు గడచెను. తుదకు 1938 మార్చి నెలలో న్యూయార్కులోని డిటెక్టివ్ కామిక్స్ సంస్థ ఆ కథను తీసికొనుటకు అంగీకరించెను. పదమూడు పుటలు, పుటకు పది డాలర్లు, మొత్తము 130 డాలర్లు. ఆ సొమ్ముతో పాటు సంస్థ పంపిన పత్రముపై మిత్రులిరువురును సంతకములు చేసిరి. ఆ సంతకముతో సూపర్‌మాన్‌పై సర్వహక్కులు శాశ్వతముగ సంస్థకు చెందినవి. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడేండ్లు.

1938 జూన్ తేదీతో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వెలువడెను. వెల పది సెంట్లు. దేశము ఆర్థిక మాంద్యమున క్రుంగియున్న కాలమది. భార్యను కొట్టు భర్తను, నిరపరాధిని మరణశిక్షకు గురిచేయు అన్యాయమును ఎదిరించు వీరుని చూచి బాలురు ఉప్పొంగిరి. మరు సంవత్సరముననే సూపర్‌మాన్ దినపత్రికలకెక్కెను. 1940లో రేడియోలో పలికెను. 1941లో మాక్స్, డేవ్ ఫ్లైషర్ సోదరుల కృషిచే వెండితెరపై కదలెను. మొదటి పుటలలో ఆ వీరుడు దూరము దూరముగా దుముకువాడే కాని ఎగురువాడు కాడు. తెరపైన పక్షివలె ఎగిరెను. 1943 వరకు అట్టి చిన్న చిత్రములు 17 వెలువడెను. వానిలో మొదటిది ఆస్కారు బహుమాన పరిశీలనకు కూడ వచ్చెను.

కొన్ని ఏండ్లు మిత్రులిద్దరికిని ఆదాయము బాగుగనే వచ్చెను. క్లీవ్‌లాండున చిన్న చిత్రశాల పెట్టి షూస్టర్ సహాయకులను నియమించుకొనెను. అందుకు పని యెక్కువగుట ఒక కారణము; చూపు మందగించుచుండుట రెండవది. ఎక్స్‌-కిరణముల వంటి దృష్టి గల వీరుని గీయువానికి తన కుంచె కొన సరిగా కనబడకుండెను. ఆ వీరుని వలన సంస్థకు చేరు లాభములతో పోల్చినచో తమకు వచ్చునది స్వల్పమని తెలిసి, 1947లో ఇరువురును న్యాయస్థానమునకెక్కిరి. సూపర్‌మాన్‌ను అమ్మితిమన్న పత్రము చెల్లుననియు, వీరుని బాల్యకథయైన సూపర్‌బాయ్ మాత్రము అట్లు అమ్మబడలేదనియు తేలెను. 1948లో సుమారు 94,000 డాలర్లకు రాజీ కుదిరెను. ఆ రాజీతో రెండును సంస్థవేయయ్యెను. కథల మొదట అచ్చగుచుండిన వారి పేర్లు తొలగిపోయెను. ఆ కాలమున వారు కల్పించిన ఫన్నీమాన్ అను హాస్యవీరుడు పాఠకుల నాకర్షింపలేదు. క్రమముగా షూస్టర్ చిత్రరంగమునుండియే మరుగైపోయెను.

ఇప్పుడు 1966కు రావలెను. అమెరికాలో శనివారము బడులకు సెలవు. ఆ కాలమున ఆ ఉదయము పెద్దలు నిద్ర లేవకమునుపే పిల్లలు టెలివిజన్ ముందు చేరెడివారు. ఆ వేళను బొమ్మల చిత్రములకు కేటాయించి, నడుమ ఆటవస్తువుల, తినుబండారముల ప్రకటనలు ప్రసారము చేయుట టెలివిజన్ సంస్థలకు లాభసాటి వ్యాపారమయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ శనివారమున సి.బి.ఎస్. సంస్థ సూపర్‌మాన్ నూతన సాహసములను ప్రారంభించెను. తీసినది ఫిల్మేషన్ అను చిన్న సంస్థ. అరగంటలో సూపర్‌మాన్ కథలు రెండు, వాని నడుమ సూపర్‌బాయ్ కథ ఒకటి. రేడియోలోను, ఫ్లైషర్ చిత్రములలోను వీరునికి గొంతు ఇచ్చిన బడ్ కాలియర్ దీనిలోను పలికెను.

ఈ బొమ్మలు తయారగు తీరు విద్యార్థులు తెలిసికొనదగినది. చలనచిత్రమున ఒక్క క్షణమునకు, అనగా ఒక సెకనుకు, 24 చిత్రములు కన్నుల ముందు సాగును. ప్రతి కదలికకు వేర్వేరు బొమ్మలు గీసినచో అందము వచ్చును, వ్యయము అపారమగును. టెలివిజన్ వారికి అంత ధనము, సమయము ఉండవు. అందుచేత మాటలాడునపుడు శరీరమును నిశ్చలముగ నుంచి పెదవులను మాత్రము కదలింతురు. వీరుడు ఎగురు బొమ్మనొకసారి గీసి దాచుకొని, వెనుకనుండు మబ్బులను, మేడలను మార్చుచు మాటిమాటికి వాడుకొందురు. మన తోలుబొమ్మలాటలో ఒకే హనుమంతుని బొమ్మ లంకకును, సంజీవి కొండకును ఎగురుట లేదా? నేర్పు బొమ్మల సంఖ్యలో కాక కథ నడుపుటలో ఉండును. పిల్లలు ఆ చిత్రములకు ముగ్ధులైరి. ఇతర సంస్థలు స్పేస్ ఘోస్ట్, స్పైడర్‌మాన్ మున్నగు వీరులను దింపిరి. రెండు మూడేండ్లు శనివారపు ఉదయములను మహాబలులే ఏలిరి. 1968లో దేశమున రాజకీయ హత్యలు జరిగిన పిమ్మట, తెరపై కొట్లాటలు పిల్లలకు తగవని తలిదండ్రులు ఆందోళన చేయగా ఆ వెల్లువ తగ్గెను. సూపర్‌మాన్ ధారావాహిక 1970లో ముగిసెను.

ఆ శనివారములలో షూస్టర్ గీసిన రూపము ప్రతి ఇంటను కదలుచుండెను; ఆయన పేరు మాత్రము ఆ తెరపై లేకుండెను. సూపర్‌బాయ్ సైతము అచ్చటనే ఎగురుచుండెను! 1938 నాటి ప్రచురణహక్కుకు తొలి గడువైన 28 సంవత్సరములు 1966తో ముగియుచుండుటచే, మిత్రులిరువురును హక్కును తిరిగి పొందుటకు 1969లో మరల వ్యాజ్యమాడిరి. 1974లో పైన్యాయస్థానమునందు కూడ ఓడిరి. అప్పటికి సీగల్ లాస్ ఏంజెలెసులో గుమాస్తా. షూస్టర్ న్యూయార్కులో సోదరుని పంచన, చూపు దాదాపుగా కోల్పోయి, కాలము గడుపుచున్న వృద్ధుడు.

1975లో సూపర్‌మాన్‌ను కోట్ల డాలర్ల వ్యయముతో చలనచిత్రముగా తీయుదురను వార్త వెలువడెను. సీగల్ గుండె మండి, తమ గాథనంతయు వ్రాసి పత్రికలకు పంపెను. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అను చిత్రకారులు ఆ వృద్ధుల పక్షమున నిలిచి ఊరూర ప్రచారము చేసిరి. చట్టము వారికి ఈయనిదానిని లోకాభిప్రాయము ఇప్పించెను. ఆ డిసెంబరులో, అప్పటికి హక్కుదారైన వార్నర్ సంస్థ ఒక్కొక్కరికి ఏటికి 20,000 డాలర్ల భరణమును, వైద్యసహాయమును ఇచ్చుటకు ఒప్పుకొనెను. అన్నిటికంటె మిన్నగా, ఇకపై సూపర్‌మాన్ కథలలోను, చిత్రములలోను సృష్టికర్తలుగా ఆ ఇద్దరి పేర్లు ఉండవలెనని అంగీకరించెను. 1978లో విడుదలైన చలనచిత్రమున ఆ పేర్లు వెండితెరపై వెలసెను. చెరిగిపోయిన ముప్పది యేండ్లకు!

జో షూస్టర్ 1992 జూలై 30వ తేదీన లాస్ ఏంజెలెసులో కన్నుమూసెను. సీగల్ 1996లో మరణించెను. టొరాంటోలో నేడు ఒక వీథి షూస్టర్ పేరిట నున్నది. కెనడా బొమ్మల కథలకిచ్చు బహుమానములకును ఆయన పేరే పెట్టిరి. సూపర్‌మాన్‌కై 130 డాలర్లు చేర్చి 1938లో సంస్థ వ్రాసియిచ్చిన చెక్కు, 2012లో వేలమున 1,60,000 డాలర్లకు అమ్ముడుపోయెను. సృష్టికి చెల్లించిన మూల్యముకంటె ఆ చెల్లింపు వ్రాసిన కాగితమునకే విలువ హెచ్చుట ఎంతటి విపరీతము!

ఇందు సంస్థవారిని నిందించుటతో మన పని తీరదు. పత్రము చట్టసమ్మతమే, సంతకము స్వహస్తమే. కాని చట్టము ధనము ఎవరికి చెందునో చెప్పగలదు కాని పని ఎవరు చేసిరను సత్యమును మార్చజాలదు. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి, బీసెంటు కళాశాలలో ఉండి జనగణమనను ఆంగ్లమున అనువదించెను. ఆ గీతమును పాడు ప్రతి విద్యార్థికి కర్త పేరు తెలియును. తెలియుట చేత గీతము తరుగలేదు. మట్టి దుర్యోధనుని మలచినవానిని, తోలుబొమ్మకు రంగులద్దినవానిని పేరు పెట్టి పిలుచుటయు అట్టి మర్యాదయే.

ఉపాధ్యాయులు ఈ జీవితమునుండి గ్రహింపదగినవి రెండు. పారవేసిన కాగితము వెనుక బొమ్మ గీయు పేద బాలుడు తరగతిలో కనబడినచో కోపింపక, ఒక శుభ్రమైన కాగితము చేతికీయవలెను. అతడు బొమ్మ ముగించిన పిమ్మట క్రింద తన పేరు తానే వ్రాసికొనుమని చెప్పవలెను. ఆ పేరును అమ్ముకొనుమని ఎవరైన ఒకనాడు పత్రము తెచ్చినచో, సంతకమునకు ముందు ప్రతి పంక్తియు చదువుటకు కావలసిన విద్య కూడ ఆ తరగతి గదిలోనే అతనికి అబ్బవలెను.