శతజయంతి వాకిట్లో మన సదాశివ సారు

ప్రాణహిత ఒడ్డు నుంచి మానేరు ఒడ్డు దాకా పుస్తకమంటే ప్రాణమిచ్చే వాళ్లందరికీ పండుగ రోజులు దగ్గరపడుతున్నాయి. సామల సదాశివ గారు పుట్టి 2028 మే 11 నాటికి నిండా నూరేళ్లు. పండుగ పొద్దుకు ముందే వాకిలి అలికి తోరణం కట్టినట్టు, ఉత్తర తెలంగాణ చదువరుల తరఫున ఈ అభినందనను ముందుగానే సమర్పిస్తున్నాం. సారు 2012 ఆగస్టు 7న మన మధ్య నుంచి వెళ్లిపోయారు. ఆయన పుస్తకాలు మాత్రం మన ఇళ్లలో ఇంకా ముచ్చట పెడుతూనే ఉన్నాయి. అందుకే సంతాపపు మాటలన్నీ పక్కన పెట్టి, చదువుతూ బతికి, చదివిందంతా పది మందికీ పంచిన ఆ నిండు జీవితానికి జేజేలు పలుకుతున్నాం.

దహెగాం మండలంలోని తెనుగుపల్లె ఆయన పుట్టిన ఊరు. ఇవాళ అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఆయన పుట్టినప్పుడు అదంతా నిజాం ఏలుబడి కింది ఆదిలాబాద్. బడి చదువు ఉర్దూలో, ఇంటి మాట తెలుగులో. నది దాటితే మరాఠీ, అడవిలోకి నడిస్తే గోండి, కొలామీ, తండాల్లో లంబాడీ. ఇన్ని నాలుకల నడుమ పెరిగిన పిల్లవాడికి ప్రపంచం ఒక్క భాషలో ఇమడదని ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సొంత భాషలో చదువుకోలేని ఆ రోజుల్లో తెలుగు పిల్లలు పడ్డ కష్టం చిన్నదేమీ కాదు. దాన్ని మరిచిపోలేం, మరిచిపోకూడదు కూడా. అయినా ఆ తరంలో కొందరు మహానుభావులు నెత్తిన పడ్డ ఉర్దూను బరువుగా మోయకుండా సొమ్ముగా మలుచుకున్నారు. కరీంనగర్ సీమలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూలోనే చదువుకుని, తర్వాత గజల్‌ను తెలుగు వేదికల మీద పాడించారు. ఆయన కంటే మూడేళ్లు పెద్దవారైన సదాశివ గారు ఇంకో దారి పట్టారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ, సంస్కృతం చదివి, అక్కడి రుచులన్నీ తెలుగు విస్తట్లో వడ్డించడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు.

మొదట ఆయనా అందరిలాగే పద్యంతోనే మొదలుపెట్టారు. సాంబశివ శతకం, ప్రభాతం అనే లఘుకావ్యం ఆ తొలిరోజులవి. అక్కడే ఆగి ఉంటే మంచి పద్యకవుల వరుసలో మరొక పేరు చేరేది, అంతే. అయితే ఉర్దూ, ఫారసీ సాహిత్యాల సంగతులు తెలుగువారికి చెప్పమని సురవరం ప్రతాపరెడ్డి గారు ఆయనను ప్రోత్సహించారు. గోలకొండ పత్రికతో తెలంగాణలో ఎందరి చేతనో కలం పట్టించిన ఆ పెద్దమనిషి చూపు ఎంత పదునైనదో సదాశివ గారి తర్వాతి అరవై ఏళ్ల కృషే సాక్ష్యం.

ఆ దారిలో మొదటి మైలురాయి అమ్జద్ రుబాయిలు. దీని దగ్గర కాసేపు నిలబడాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ కళ్లెదుటే పోగొట్టుకున్నారు. అంత పెద్ద దుఃఖం తర్వాత బతికిన మనిషి నాలుగు పాదాల చిన్న పద్యంలో దేవుణ్ణీ, మనిషినీ, సహనాన్నీ పట్టి చూపించారు. రుబాయిలో ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస, మూడో పాదం విడిగా నిలిచి నాలుగో పాదం కోసం ఎదురుచూసేలా చేస్తుంది. ఆ బిగువును మరో భాషలోకి తేవడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుసు. సదాశివ గారు ఆ రుబాయిలను తెలుగు చేస్తే 1964లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కరించింది. దాదాపు ఆ కాలంలోనే, 1961లో, దాశరథి గారి గాలిబ్ గీతాలు వచ్చాయి. తెలంగాణ నేల మీద ఉర్దూ, తెలుగు ఒకదాన్నొకటి అలయ్ బలయ్ చేసుకున్న చల్లని ఘడియ అది. రాజధానిలో ఉన్న కవులకు సభలుండేవి, ముషాయిరాలుండేవి. ఆదిలాబాద్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్న సారుకు పుస్తకమూ, పోస్టుకార్డూ తప్ప మరేముంది? ఆ రెంటితోనే ఆయన ఇంత సాధించారని తలచుకుంటే గుండె గర్వంతో నిండుతుంది.

ఆ తర్వాత ఏళ్లు గడుస్తున్న కొద్దీ పుస్తకాలు వరుస కట్టాయి. ఉర్దూ సాహిత్య చరిత్ర, మీర్జా గాలిబ్ జీవితం, ఉర్దూ కవుల కవితా సామగ్రి, ఫారసీ కవుల ప్రసక్తి, మౌలానా రూమీ మస్నవీ. పేర్లు చూసి ఇవి పండితుల కోసం రాసినవనుకుని ఎవరూ వెనక్కి తగ్గొద్దు. ఒక కవిని పరిచయం చేయాలంటే సదాశివ గారు తీర్పరి కుర్చీలో కూర్చోరు. మంచి చెడ్డలకు మార్కులు వేయరు. ఆ కవి ఎవరింట్లో పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చాడు, ఏ మాట ఎందుకన్నాడు, ఆ మాట విన్నవారు ఎట్లా వాహ్వా అన్నారు, ఇవన్నీ అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చెబుతారు. చదవడం పూర్తయ్యేసరికి మనకు ఆ కవి చుట్టమైపోతాడు. సమీక్ష అనేదానికి ఇంతకన్నా గొప్ప ప్రయోజనం మాకు కనిపించడం లేదు. చదివినవాడు చదవనివాడి చేయి పట్టుకుని పుస్తకం దాకా నడిపించుకుపోవాలి. సదాశివ గారు జీవితాంతం చేసింది అదే.

ఇక సంగీతం. ఆదిలాబాద్ మరాఠీ నేలకు ఆనుకుని ఉన్న జిల్లా గనుక హిందుస్తానీ గాలి ఇక్కడికి వీచడం సహజం. ఆ గాలిని తెలుగు వచనంలోకి పట్టి తెచ్చినవారు మాత్రం అరుదు. కర్ణాటక సంగీతం మీద తెలుగులో రాసినవారు ఎందరో ఉన్నారు. కిరాణా, ఆగ్రా, జైపూర్, పటియాలా ఘరానాల గొప్పతనాన్నీ, ఆ గాయకుల పంతాలనూ, గురుశిష్యుల అనుబంధాలనూ మన ఇంటి కథల్లా చెప్పినవారు ఈయనే. మలయమారుతాలు, సంగీత శిఖరాలు, స్వరలయలు చదివితే రాగం తెలియనివారికీ చెవి మేలుకుంటుంది. బడే గులాం అలీ ఖాన్ వంటి మహాగాయకుడు 1968లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. అంత దగ్గరగా ఉన్న ఆ లోకాన్ని తెలుగు పాఠకులకు ఇంకా దగ్గర చేసే కలం ఒకటి కావలసి వచ్చింది, ఆ కలం ఆదిలాబాద్‌లో దొరికింది. 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం స్వరలయలుకు దక్కినప్పుడు సారుకు ఎనభై మూడేళ్లు. ఆలస్యమైందని అప్పుడు చాలామందికి అనిపించింది, మాకూ అనిపించింది. అయినా కథకూ కవిత్వానికీ కాకుండా, సంగీతం మీద రాసిన వ్యాసాలకు ఆ గౌరవం రావడం ముచ్చటైన సంగతి. పురస్కారం అడవుల జిల్లాకు నడిచి వచ్చి ఒక రసికుడి ముందు తలవంచింది.

యాది గురించి చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు. పత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడే ఇంటింటి పుస్తకమైన ఆ జ్ఞాపకాల్లో సారు తన గురించి చెప్పుకున్నది తక్కువ, తనకు ఎదురైన మనుషుల గురించి చెప్పింది ఎక్కువ. మౌల్వీలు, పంతుళ్లు, కవులు, గాయకులు, పాత హైదరాబాద్ తహజీబు అన్నీ అందులో సజీవంగా తిరుగుతాయి. తెలంగాణ మాటతీరు ఎంత నాగరికమైన వచనం కాగలదో ఆ పుస్తకం ఏ వాదనా చేయకుండానే నిరూపించింది.

ఆదిలాబాద్‌ను చదువులేని జిల్లా అని తేలిగ్గా అనేసేవారికి ఒక మాట చెప్పాలి. గోండు పిల్లలకు గోండిలోనే పాఠాలు చెప్పాలని 1940ల్లోనే మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పూనికతో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. నార్నూర్ దగ్గరి గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు వెలుగు చూసి, 2018 నాటికి ఆ లిపి యూనికోడ్‌లో చోటు సంపాదించింది. పక్కనే కరీంనగర్‌లో విశ్వనాథ సత్యనారాయణ గారు కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన వేయిపడగలు నవలను పి.వి. నరసింహారావు గారు సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తీసుకెళ్లి 1968లో ప్రచురించారు. ఒక భాషలో చదివి మరో భాషవారికి అందించడం ఈ ప్రాంతపు పాత అలవాటు. సదాశివ సారు ఆ అలవాటుకు నిలువెత్తు రూపం.

ఈ శుభవేళ మా కోరికలు కొన్ని ఉన్నాయి. నెరవేరతాయన్న నమ్మకంతోనే చెబుతున్నాం. మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి. ఆ డబ్బుతో నడిచే ప్రతి జిల్లా గ్రంథాలయంలో, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల అన్నింటిలో, సారు రచనలు ఒక్కటి కూడా విడవకుండా ఉండాలి. సన్మాన సభల్లో శాలువాతో పాటు ఒక యాది ప్రతి, పదవీ విరమణ నాడు ఒక స్వరలయలు ప్రతి చేతిలో పెట్టే ఆచారం మన ఊళ్లలో స్థిరపడాలి. గోండిలో, కొలామీలో, ఉర్దూలో, మరాఠీలో ఉన్న మంచిని తెలుగులోకి తెచ్చే యువకులు, యువతులు ఈ జిల్లాల నుంచే లేవాలి. వారికి సారు ఆశీస్సులు, మా అందరి ఆశీస్సులు. చదువు పంచే ఆ చేతులు చల్లగా ఉండాలి, నూరు పుస్తకాలై వర్ధిల్లాలి. 2028 మే 11 నాడు తెనుగుపల్లె బడిపిల్లల చేతికి తలా ఒక సదాశివ పుస్తకం అందుతుంది. అందించే బాధ్యత మనది, రండి, ఇప్పటి నుంచే ప్రతులు కొని పెడదాం.