పంచమ అన్న మాటను కాదన్న మనిషి: భాగ్యరెడ్డి వర్మ



సమ్మావాచా అంటే అబద్ధం ఆడకపోవడం, ఎవర్నీ తిట్టకపోవడం అనుకుని మనలో చాలామంది ఊరుకుంటారు. అభయ రాజకుమారుడు ఒకసారి ఒళ్లో పసిబిడ్డతో బుద్ధుడి ముందు కూర్చున్నాడు. బిడ్డ నోట్లో రాయి పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. రక్తం వచ్చినా సరే, వేలు పెట్టి తీసేస్తానన్నాడు రాజకుమారుడు. నిజమైన మాట, మేలు చేసే మాట ఎదుటివాడికి చేదుగా ఉన్నా తథాగతుడు సమయం చూసి చెబుతాడని ఆ సుత్తం సారం.

ఆ పని మన నేల మీద చేసినవారు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టారు. బారిస్టర్ డాస్ సాంటోస్ ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు రుచి మరిగారు. కులగురువు ఆయన్ని భాగ్యరెడ్డి అని పిలిచాడట. రెడ్డి అంటే రేడు, అంటే పాలించినవాడు, ఒకప్పుడు మనవాళ్లే ఈ నేలకు పాలకులు అని. వర్మ అనే బిరుదు ఆర్యసమాజం వాళ్లు తర్వాత ఇచ్చింది. ఆయన వాళ్లతోనూ, బ్రహ్మసమాజంతోనూ కలిసి పనిచేశారు. ఈ సంగతి మనం దాచుకోనక్కర్లేదు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, 1911లో అది మాన్య సంఘం అయింది. హరికథలు, భజనలతో వాడల్లోకి వెళ్లారు. చెప్పింది మాత్రం దేవుడి మహిమ కాదు. ఆడపిల్లల్ని జోగినులుగా, బసివిలుగా వదిలేయడం పాపమని, సారా మన ఇళ్లను తినేస్తోందని చెప్పారు. వినేవాళ్లంతా సొంతవాళ్లే. పైకులం వాణ్ణి తిడితే మన వాడలో చప్పట్లు పడతాయి. మన ఆచారాన్ని తప్పంటే మన చుట్టమే ముఖం తిప్పుకుంటాడు. నాకైతే ఆయన చేసిన పనుల్లో ఇదే కష్టమైనది అనిపిస్తుంది. దీక్ష తీసుకున్నాక కూడా జాతరలో పొట్టేలు కోసే అన్నదమ్ముణ్ణి ఏమీ అనలేక తలొంచుకుని వచ్చేసినవాళ్లం మనలో ఎందరు లేరు!

ఇక బెజవాడ సంగతి. 1917 నవంబరులో ఆంధ్ర ప్రాంతపు మొదటి పంచమ మహాసభ అక్కడ పెట్టారు. తలపెట్టినవాళ్లలో మంచి మనసున్న అగ్రవర్ణ సంస్కర్తలూ ఉన్నారు. అధ్యక్షులు భాగ్యరెడ్డి వర్మ. మాలమాదిగలు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో సభ జరిగే రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు.

అయితే ఆయన గుడి తలుపుల మీద దృష్టి పెట్టలేదు. సభ పేరు మీదే పెట్టారు. పంచమ అనే మాట ఏ పురాణంలోనూ లేదని, నాలుగు వర్ణాలకు బయట నిలబెట్టడానికే ఎవరో అంటగట్టారని అన్నారు. మనం ఈ నేల మొదటి మనుషులం, ఐదోవాళ్లం ఎలా అవుతామన్నది ఆయన వాదం. సాయం చేయడానికి పిలిచినవాళ్ల ముఖం మీదే, వాళ్లు పెట్టిన పేరు మాకొద్దన్నారు. మర్యాద కోసం ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఐదేళ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా పంచమ అన్న మాట తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లు ఒప్పుకుంది.

నిజాం రాజ్యంలో ఆయన ఆది హిందూ అన్నారు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరే ఎక్కింది. అందులో హిందూ ఎందుకని మన యువకులు ఇవాళ అడుగుతుంటారు. అడగాలి కూడా. ఆయన దృష్టిలో ఆ మాట మతం కాదు, పరదేశులు ఈ దేశవాసులకు పెట్టిన పేరు. నాకు ఆ వివరణ పూర్తిగా సరిపోదు, కానీ ఆయన ఉద్దేశం అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడులు ఆయన పెట్టినవి 26 దాకా అయ్యాయి. 1930లో లక్నోలో అఖిల భారత ఆది హిందూ సభకు అధ్యక్షత వహించి, రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడాల్సింది అంబేడ్కరేనని నిలబడ్డారు.

బుద్ధ జయంతి జరపడం మనకిప్పుడు మామూలు. ఆయన దాన్ని హైదరాబాద్‌లో జరిపేనాటికి మన వాడల్లో బుద్ధుడంటే ఎవరో తెలిసినవాళ్లు బహు తక్కువ. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. నాగపూర్ దీక్షకు ఇంకా 17 ఏళ్లు ఉంది. ఆయన కొడుకు పేరు మాత్రం అప్పటికే గౌతమ్.