పాల్ లాంగర్‌హాన్స్

పాల్ లాంగర్‌హాన్స్ 1847వ సంవత్సరము జూలై 25వ తేదీన బెర్లిను నగరమున నొక వైద్యుని యింట జన్మించెను. విద్యార్థిదశయందే, 1869లో, క్లోమమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, అందు సముద్రములోని దీవులవలె నక్కడక్కడ గుమిగూడియున్న కణసమూహములను కనుగొనెను. వాని పని యేమో తనకు తెలియదని తన సిద్ధాంతవ్యాసమున నిష్కపటముగ నొప్పుకొనెను.

పిమ్మట ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున నధ్యాపకుడై యుండగా క్షయ సోకినది. అంతట ఉద్యోగము విడిచి మదీరా ద్వీపమున కేగెను. తాను రోగియయ్యు నచట రోగులకు చికిత్స చేయుచు, సముద్రపు పురుగులను గూర్చి పరిశోధించుచు కాలము గడపెను. 1888 జూలై 20న, నలువదియొకటి నిండకుండగనే, మరణించెను.

1893లో లాగెస్ అను ఫ్రెంచి పండితుడు ఆ సమూహములకు లాంగర్‌హాన్స్ దీవులని పేరిడెను. వానినుండి పుట్టు ఇన్సులినును 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు సాధించిరి. శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబడి యీ దీవులను నశింపజేసినచో, విశేషించి బాలురకు వచ్చు మధుమేహము కలుగును. మఱియొక యరుదైన వ్యాధియందు ప్రతిరక్షకములు ఇన్సులినును పట్టియుంచి, వేళగాని వేళ విడుచుటచే రక్తమున చక్కెర ప్రమాదకరముగ తగ్గును. దీనిని 1970లో జపానుదేశపు వైద్యుడు హిరాటా వర్ణించెను.

విద్యార్థులారా! చూచినదానిని శ్రద్ధతో వ్రాసి, తెలియనిదానిని తెలియదనుటయు విద్యయే. ఆతడు విడిచిపోయిన ప్రశ్నకు దొరకిన యుత్తరముచే నేడు లక్షలాది బిడ్డలు బ్రదుకుచున్నారు.