థియోడర్ ష్వాన్: అప్పట్లో వెటకారం చేశారు.. ఇప్పుడు మన నరాల మీద ఆయన పేరే!

కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మన చేతులు, కాళ్లకు వెళ్లే నరాలకూ ఓ తొడుగు ఉంటుంది. దాని పేరు మైలిన్. దాన్ని చుట్టేవి ష్వాన్ కణాలు. ఇంతకీ ఎవరీ ష్వాన్?

1810 డిసెంబర్ 7న జర్మనీలోని నాయిస్‌లో పుట్టారు. తండ్రిది బంగారు పని. బెర్లిన్‌లో యోహానెస్ ముల్లర్ అనే పెద్ద ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. 1836లో, కేవలం పాతికేళ్ల వయసులో, కడుపులో తిండి అరిగించే పెప్సిన్‌ను కనిపెట్టారు. మరుసటి ఏడాదే చక్కెర నీళ్లు పులియడానికి కారణం ఈస్ట్ అనే జీవి అని తేల్చారు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. కెమిస్ట్రీ దిగ్గజాలు లీబిగ్, వోలర్‌లకు ఆ మాట మింగుడు పడలేదు. 1839లో పేర్లు వేసుకోకుండా తమ జర్నల్‌లో ఓ వెటకారపు వ్యాసం రాశారు. అందులో ఈస్ట్ అంటే చక్కెర తిని ఆల్కహాల్ విసర్జించే చిట్టి జంతువులు! ఇప్పటి భాషలో పక్కా ట్రోలింగ్ అన్నమాట. జంతువుల శరీరమంతా కణాలమయమే అని చెప్పిన ఆయన పుస్తకం వచ్చిందీ అదే ఏడాది. అయినా సొంత దేశంలో ప్రొఫెసర్ పోస్టు దక్కలేదు. బెల్జియం వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోలేదు. ఈస్ట్ విషయంలో ఆయనే కరెక్ట్ అని తర్వాత పాశ్చర్ ప్రయోగాలు నిరూపించాయి.

నరాల దగ్గర మాత్రం ష్వాన్ కొంచెం పొరబడ్డారు. ఈ కణాలే గొలుసులా కలిసి నరంగా మారతాయనుకున్నారు. నిజానికి నరం తీగ వేరు, దాన్ని చుట్టే కణం వేరు. రెండూ మాట్లాడుకుంటాయి కూడా. తీగ న్యూరెగ్యులిన్ అనే ప్రోటీన్‌తో సిగ్నల్ ఇస్తుంది. ష్వాన్ కణం మీదున్న ఎర్బ్‌బి3 రిసెప్టర్ దాన్ని పట్టుకుని, తోడుగా ఉండే ఎర్బ్‌బి2తో కలిసి లోపలికి కబురు పంపుతుంది. తొడుగు ఎంత మందంగా వేయాలన్నది ఈ సిగ్నల్‌ను బట్టే ఉంటుంది.

అయితే కణాలను పెరగమని చెప్పేదీ ఈ జోడీనే. మెర్లిన్ అనే మరో ప్రోటీన్ దానికి బ్రేక్ వేస్తుంది. మెర్లిన్‌ను తయారు చేసే ఎన్‌ఎఫ్2 జీన్ పాడైతే బ్రేక్ పోయి, గడ్డ మొదలవుతుంది. దాని పేరు ష్వానోమా. 1882 జనవరి 11న కొలోన్‌లో కన్నుమూసిన ష్వాన్‌కు ఈ పేరు తెలియనే తెలియదు. ఇవి ఎక్కువగా క్యాన్సర్ గడ్డలు కావు, మెల్లగా పెరుగుతాయి. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద వస్తే ఒకవైపు వినికిడి తగ్గడం, చెవిలో హోరు, నడకలో తూలు కనిపిస్తాయి. ఒక్క చెవికే వినికిడి తగ్గుతుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.